తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఆడపిల్లల గొంతు ఎందుకు తగ్గిపోతోంది? టీచర్లుగా మనమేం చేయగలం?

మంజీర (సోషల్ టీచర్, జడ్పీ హైస్కూల్)

అందరికీ నమస్కారం. ఆరో తరగతిలో బోర్డు దగ్గరికి రమ్మంటే నేనంటే నేనని తోసుకొచ్చిన ఆడపిల్లలే తొమ్మిదికొచ్చేసరికి తలెత్తడం లేదు. మొన్న రుతుపవనాల పాఠం అయ్యాక ప్రశ్న అడిగాను. వెనక బెంచీ నుంచి నలుగురు మగపిల్లలు కోరస్‌గా తప్పు జవాబు చెప్పారు. మూడో బెంచీలో ఒకమ్మాయి నోట్సు చూస్తే, పడమటి కనుమలకు అటువైపు అంత వాన, ఇటువైపు ఇంత తక్కువ ఎందుకో బొమ్మ గీసి మరీ రాసి పెట్టుకుంది. లేపి చెప్పమంటే బెంచీ చెక్క గోటితో గీకుతూ నిలబడిపోయింది. పక్కమ్మాయి అందిస్తున్నా నోరు విప్పలేదు.

"ధైర్యంగా ఉండాలమ్మా, మీరు దేన్లోనూ తక్కువ కాదు" అని బాలికా దినోత్సవం రోజు అందరం చెప్తాం. చప్పట్లు కొడతారు, మర్నాడు మామూలే. మీ బడుల్లో నిజంగా పనిచేసినవి చెప్పండి.

---

గౌతమీతీరం (రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్)

అమ్మా మంజీరా, ఆ అమ్మాయికి జవాబు వచ్చు. నలుగురిలో చెప్పడం దగ్గరే వచ్చింది చిక్కు. కాబట్టి ముందు చూడాల్సింది మనం ప్రశ్న అడిగే తీరు.

ప్రశ్న వేశాక మనం ఎంతసేపు ఆగుతున్నాం? అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో తరగతి గదుల్లో టేపులు పెట్టి లెక్కగట్టింది. టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, అంతే. అదే మూడు సెకన్లు దాటి ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక్క సెకనులో అరిచేది ఎవరు? మీరు చెప్పిన ఆ వెనక బెంచీ వాళ్ళే. లోపల వాక్యం కూర్చుకుని, తప్పు లేదు కదా అని ఒకసారి సరిచూసుకుని గానీ చెయ్యెత్తని పిల్లకి ఆ సెకను చాలదు.

నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు మా బడిలో కోరస్ జవాబులు మాన్పించాను. ప్రశ్న బోర్డు మీద రాయాలి. రెండు నిమిషాలు అందరూ నోట్సులో రాయాలి. పక్కవాళ్ళతో చూసుకోవాలి. అప్పుడు పేరు పిలవాలి. రాసింది చేతిలో ఉంటే, పక్కపిల్లా అదే రాసిందని తెలిస్తే, లేచి చదవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. చదివి కూర్చుంటుంది. ఆ చదవడమే కొన్నాళ్ళకి చెప్పడం అవుతుంది.

ఇంకొక్కటి. ఆ పిల్ల గొణిగినా సరే, జవాబు మీరు పైకెత్తుకుని గట్టిగా చెప్పెయ్యకండి. మీరే దగ్గరగా వెళ్తే ఆ అమ్మాయి మీకొక్కరికే చెప్తుంది. మీరు గదిలో అవతలి మూలకి వెళ్ళి నిలబడండి. గొంతు దానంతట అదే లేస్తుంది.

---

పాలమూరు లెక్కలు (గణితం, స్కూల్ అసిస్టెంట్)

పెద్దమ్మగారు చెప్పిన రెండు నిమిషాల రాత నేనూ చేయిస్తా, లెక్కలకు కూడా బాగా పనికొస్తుంది. నేను మెచ్చుకోలు గురించి చెప్తా.

స్టాఫ్‌రూంలో పేపర్లు దిద్దేటప్పుడు చెవి పెట్టి వినండి. మగపిల్లాడికి మంచి మార్కులొస్తే "వీడికి బుర్ర ఉంది, కష్టపడడు గానీ" అంటాం. ఆడపిల్లకొస్తే "కష్టపడుతుంది, నీట్‌గా రాస్తుంది" అంటాం. క్లాసులోనూ అవే మాటలు వస్తాయి. దాంతో లెక్కలు తన వల్ల వచ్చేవి కావని, బట్టీ పట్టి నెట్టుకొస్తున్నానని ఆ పిల్ల నమ్ముతుంది. ఇంటర్లో ఎంపీసీ అనగానే "నాకు రాదు సార్" అనేది ఆ నమ్మకమే.

అట్లని "నీకు చాలా తెలివుందమ్మా" అని ఊదరగొట్టినా నష్టమే. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగం ఉంది. తెలివైనవాళ్ళని పొగిడిన పిల్లలు ఆ పేరు ఎక్కడ పోతుందోనని తేలికవి ఏరుకున్నారు, ఒకసారి కష్టమైనవి ఇచ్చి ఓడిస్తే తర్వాత తేలికవాటిలో కూడా వెనకబడ్డారు. బాగా ప్రయత్నించారని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనవి అడిగి చేశారు.

కాబట్టి పనిని పట్టుకుని చెప్పాలి. ఉదాహరణకు వర్గ సమీకరణం బోర్డు మీద చేసి తప్పు జవాబు తెచ్చిందనుకోండి. "కూర్చో" అనను. "మధ్య పదాన్ని విడగొట్టింది సరిగ్గానే ఉంది. అది వచ్చిందంటే లెక్క వచ్చినట్టే. ఆ కింద ఒక గుర్తు మారలేదు, ఎక్కడో నువ్వే చూడు" అంటా. బోర్డు దగ్గరే నిలబడి వెతుకుతుంది. దొరకబట్టి దిద్దుకున్నాక తిరిగొచ్చే నడకే వేరు. తప్పు అందరి ముందే చేసింది, అందరి ముందే తనే సరిచేసుకుంది. తప్పు చేస్తే కొంపేమీ మునగదని మిగిలినవాళ్ళు కూడా చూశారు.

---

రైతుబిడ్డ

మేడం, సార్, మీరు మంచిగనే చెప్తున్నరు. గని ఇంట్ల పొద్దున లేస్తే "గట్టిగ నవ్వకు, గట్టిగ మాట్లాడకు, ఎదురు చెప్పకు" అని పెంచిన పిల్ల, బడిల నలభై అయిదు నిమిషాల పీరియడ్ల మారుతదా? మా ఊళ్ళె పదో తరగతి కాంగనె సంబంధాలు చూసుడు మొదలు. బడిల ధైర్యంగ మాట్లాడుమని నేర్పి ఇంటికి పంపిస్తె, ఆ ధైర్యానికి ఇంట్ల దెబ్బలు పడేది ఆ పిల్లకే. దీనికేమంటరు?

---

కస్తూర్బా అక్క (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం, కేజీబీవీ)

రైతుబిడ్డ అన్నా, మీరడిగింది చాలా న్యాయమైన ప్రశ్న. మా దగ్గరికొచ్చే పిల్లలంతా ఆ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. 2004లో కేజీబీవీలు పెట్టిందే బడి మానేసిన ఆడపిల్లల కోసం. ముప్పావు వంతు సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకి, మిగతావి పేదరికం గీత కింద ఉన్నవాళ్ళకి. మా హాస్టల్లో సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్ళి, రెండేళ్ళు బడి మొహం చూడకుండా వచ్చిన పిల్లలున్నారు. పొద్దున్నే చేలోకెళ్ళి ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి చేత్తో అద్దే పని అది, పిల్లల చిన్న వేళ్ళే కావాలంటారు.

వాళ్ళకి నేను ధైర్యం గురించి ఒక్క మాటా చెప్పను. పని అప్పగిస్తాను. మా మెస్ కమిటీ పిల్లలదే. కూరగాయలు దిగేటప్పుడు త్రాసు దగ్గర ఇద్దరు పిల్లలుంటారు, రిజిస్టర్‌లో బరువు వాళ్ళే రాస్తారు. వంకాయలు పుచ్చుంటే ఆటోలోంచి దించనివ్వరు. మొదట్లో ఆటో అతను నా వైపు చూసి "ఏంటి మేడం, పిల్ల చెప్తే వెనక్కి తీసుకెళ్ళాలా?" అన్నాడు. "ఆ పిల్ల సంతకం లేకపోతే నేను బిల్లు పెట్టలేను" అన్నాను. ఆ అమ్మాయి అప్పటిదాకా నాతో మాట్లాడాలన్నా స్నేహితురాలి భుజం వెనక నుంచి మాట్లాడేది. ఇప్పుడు గుడ్లు ట్రేకి ముప్పై ఉన్నాయో లేదో లెక్కపెట్టి మరీ తీసుకుంటోంది.

ఇంటి సంగతికొస్తే, మా పిల్లలకి ఎదురు తిరగమని నేర్పం. సెలవులకి ఇంటికెళ్ళిన పిల్ల నాన్నతో "నాన్నా, పంట కొనే సెంటర్లో కాటా ఒకసారి నేను చూడనా?" అంటే దెబ్బలు పడవు. తూకంలో తేడా పట్టుకుంటే ఆ ఇంట్లో ఆ పిల్ల మాటకి విలువ పెరుగుతుంది. లెక్క చూడగలిగిన పిల్లని చదువు మాన్పించాలంటే తండ్రి కూడా ఒకసారి ఆలోచిస్తాడు. అందరి ఇళ్ళలో జరుగుతుందని అనను. కొన్ని ఇళ్ళలో జరిగింది.

---

గౌతమీతీరం

కస్తూర్బా అక్క చెప్పిన "సంతకం లేకపోతే బిల్లు పెట్టలేను" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పని ఇవ్వడం సగమే. ఆ పనిలో ఆ పిల్ల మాట చెల్లేలా పెద్దవాళ్ళు నిలబడటం మిగతా సగం.

మా గోదావరి జిల్లాలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీర్‌ని నిలబెట్టారు. టికెట్ లేకుండా ఎవరినీ వదలకూడదని పని అప్పగించారు. నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చాకే లోపలికి పంపింది. ఆయన ఆ పిల్లని మెచ్చుకున్నారు. ఆ అమ్మాయే తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టిన, రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ రోజు నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి "ఎవరనుకున్నావు, పక్కకి జరుగు" అని అందరి ముందూ కసిరి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మన బడుల్లో రోజూ జరిగేది అదే. క్లాసు లీడర్‌గా ఆడపిల్లని పెడతాం, ఆ పిల్ల మాట వినని మగపిల్లాణ్ణి చూసీ చూడనట్టు వదిలేస్తాం.

---

పీడీ మాస్టారు

నా అనుభవం గ్రౌండ్‌లోది. ఏడో తరగతి దాకా ఆడపిల్లలు ఖోఖోలో మగపిల్లల్ని ఓడిస్తారు. ఎనిమిదిలో సగం మంది చెట్టు కిందకి చేరతారు. "కడుపు నొప్పి సార్" అంటారు. ఎంతమందికి నిజంగా నొప్పి, ఎంతమందికి చున్నీ జారుతుందని భయం, ఎంతమందికి గోడవతల నిలబడి చూసేవాళ్ళంటే భయం, మనం అడగం.

నేను చేసినవి చిన్నవే. ఆటల పీరియడ్‌కి ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్ట్ వేసుకోవచ్చని హెచ్‌ఎం గారితో చెప్పించాను. రోడ్డు వైపు కోర్టు మగపిల్లలకి ఇచ్చి లోపలి కోర్టు ఆడపిల్లలకి ఇచ్చాను. బయట టోర్నమెంట్‌కి తీసుకెళ్ళేటప్పుడు ఒక మేడం తప్పకుండా వస్తుందని తల్లులకి ముందే చెప్తాను. నెలసరి రోజుల్లో ఆడతారా లేదా అనేది వాళ్ళిష్టం, కారణం అడగను.

మంజీర మేడం, మీరు గొంతు గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. కబడ్డీ ఆడించండి. రైడ్‌కి వెళ్ళిన పిల్ల కూత పెట్టాలి, అదీ అందరికీ వినిపించేలా. లోపల గొణుక్కుంటే రిఫరీ ఒప్పుకోడు, వెనక్కి పంపించేస్తాడు. మొదటి రోజుల్లో మా పిల్లలు గీత దాటగానే సిగ్గుతో నవ్వేసి కూత ఆపేసేవాళ్ళు. అందరినీ గుండ్రంగా నిలబెట్టి ఒకేసారి కూత పెట్టించేవాణ్ణి, తర్వాత ఇద్దరిద్దరు, తర్వాత ఒక్కొక్కరు. ఊపిరి బిగబట్టి ఏడుగురి మధ్యలోకి అరుస్తూ వెళ్ళి, ఒకరిని ముట్టుకుని గీత దగ్గరికి పాక్కుంటూ వచ్చిన పిల్లకి మీ క్లాసులో లేచి నిలబడటం కష్టం కాదు.

మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది, 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. మేధో వైకల్యంతో పుట్టిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిని ఊళ్ళో ఎన్నెన్ని మాటలన్నారో మనమంతా విన్నాం. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఇద్దరినీ ముందు బడిలోనే ఎవరో గమనించారు.

---

రెండో ఏడు డిగ్రీ

నేను టీచర్‌ని కాను, స్టూడెంట్‌ని. ఇది చదువుతుంటే రాయాలనిపించింది.

నేను కూడా మంజీర మేడం చెప్పిన ఆ మూడో బెంచీ అమ్మాయి లాంటిదాన్నే. మాట్లాడకపోవడానికి కారణం ఏంటంటే, ఎనిమిదో తరగతిలో ఒకసారి ఇంగ్లీష్ పాఠం చదువుతుంటే ఒక పదం తప్పు పలికాను. వెనక నుంచి ఒకడు నా గొంతులాగే సన్నగా అదే పదం అన్నాడు. క్లాసంతా నవ్వారు. సార్ కూడా చిన్నగా నవ్వి "సరే సరే, తర్వాత" అన్నారు. ఆయనకది గుర్తు కూడా ఉండి ఉండదు. నేను ఆ ఏడాదంతా మళ్ళీ చదవలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో అందరూ "మీ అమ్మాయి చాలా బుద్ధిమంతురాలండీ, నోట్లో నాలుక లేదు" అని అమ్మతో చెప్పేవాళ్ళు. అమ్మ మురిసిపోయేది. ఇంక నేను మాట్లాడితే బుద్ధిమంతురాలు కాకుండా పోతానన్న మాటే కదా. దయచేసి ఆ మాట మెచ్చుకోలుగా అనకండి.

నన్ను మార్చింది మా తెలుగు మేడం. ప్రేయర్‌లో వార్తలు చదివే పని ఇచ్చారు. మొదటి రోజు ఒకే ఒక్క శీర్షిక, అది కూడా ముందురోజు సాయంత్రం స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నాతో నాలుగుసార్లు చదివించుకున్నారు. మైకు ఎంత దూరం పెట్టుకోవాలో, కాగితం వణక్కుండా అట్ట మీద ఎలా పెట్టుకోవాలో చూపించారు. ఆ అట్ట చాలా ముఖ్యం మేడం. చేతులు వణుకుతున్నాయని ఎవరికీ కనపడదు.

---

బయాలజీ మేడం

తల్లీ, నువ్వు రాసింది ప్రింట్ తీసి మా స్టాఫ్‌రూంలో పెడతాను.

నవ్వు గురించి: క్లాసులో ఎవరైనా వెక్కిరిస్తే పాఠం ఆపాలి. కొట్టక్కర్లేదు, కొట్టకూడదు కూడా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ రెంటినీ నిషేధించింది. "ఈ గదిలో తప్పు చెప్పే హక్కు అందరికీ ఉంది, ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు" అని ఒక్కసారి గట్టిగా, అప్పటికప్పుడు అనాలి. తర్వాత ఆ పిల్ల చదువుతున్న వాక్యం దగ్గర్నుంచే మళ్ళీ చదివించాలి. "తర్వాత" అన్నామంటే నవ్వినవాళ్ళు గెలిచినట్టే.

పీడీ మాస్టారు కదిపిన విషయం నేను పూర్తి చేస్తాను. యూనిఫాం మీద మరక పడుతుందేమోనని భయపడుతూ కూర్చున్న పిల్ల లేచి బోర్డు దగ్గరికి ఎందుకొస్తుంది? అటెండెన్స్ రిజిస్టర్ తిరగేస్తే ఏ పిల్ల ప్రతినెలా ఏ రోజులు రావడం లేదో తెలిసిపోతుంది. ప్యాడ్లు ఇస్తున్నాం కదా అంటారు. ప్యాడ్ మార్చుకోవడానికి గడియ పడే తలుపు, కుళాయిలో నీళ్ళు, మూత ఉన్న డబ్బా ఉన్నాయా? మా బడిలో ఈ మూడూ వరసగా సరి చేయించాక హాజరు బాగుపడింది. ప్యాడ్లు బీరువాలో తాళమేసి మేడంని అడిగి తీసుకోమంటే సగంమంది అడగరు. బాత్రూం బయట సంచిలో పెట్టి, పదో తరగతి పిల్లలకే చూసుకునే బాధ్యత ఇచ్చాం.

పునరుత్పత్తి పాఠం "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేయకండి. మనం సిగ్గుపడి దాటేస్తే వాళ్ళ ఒళ్ళు సిగ్గుపడాల్సిందని నేర్పినట్టే. అందరికీ కలిపే చెప్తాను, ముందు ప్రశ్నల డబ్బా పెడతాను. పేరు రాయక్కర్లేదు. చీటీల్లో వచ్చే ప్రశ్నలు చూస్తే ఈ పిల్లలు ఎన్ని భయాలు మోసుకు తిరుగుతున్నారో తెలుస్తుంది.

మరో మాట కూడా చెప్పాలి. ఉన్నట్టుండి ముభావంగా మారిన పిల్లకి ఆత్మవిశ్వాసం తగ్గిందని మనమే తీర్మానించుకోకూడదు. ఇంట్లోనో, దారిలోనో, ట్యూషన్‌లోనో ఎవరైనా ఏదైనా చేస్తుండొచ్చు. అలాంటిది మీతో చెప్పుకుంటే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకో, పోలీసుల్లోని బాలల విభాగానికో చెప్పి తీరాలి, దాచడం నేరం. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు, నీకు సాయం చేసేవాళ్ళకి మాత్రమే చెప్తాను" అనండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆడపిల్లల బాత్రూం తలుపు లోపలివైపు రాయించండి. నోటీసు బోర్డు ముందు నిలబడి ఆ నంబరు ఏ పిల్లా రాసుకోదు.

---

ఇద్దరమ్మాయిల నాన్న

తండ్రిగా ఒక మాట. బడి నుంచి ఫోనొస్తే మాకు గుండె జారుతుంది. ఫీజుకో, గొడవకో తప్ప చెయ్యరు. అందులోనూ ఆడపిల్ల గురించి ఫోనంటే ఇంట్లో అమ్మ, నానమ్మ అందరూ ఏదో జరిగిందనే అనుకుంటారు. ఏమీ లేకపోయినా ఆ పిల్ల మీద నిఘా పెరుగుతుంది.

మా పెద్దమ్మాయి సైన్సు టీచరు ఒకసారి ఊరికే ఫోన్ చేసి "మీ అమ్మాయి ఇవాళ ప్రాజెక్టు చాలా బాగా వివరించిందండీ, అది చెప్దామనే చేశాను" అన్నారు. స్పీకర్ పెట్టి ఇంట్లో అందరికీ వినిపించాను. అమ్మాయిని సాయంత్రం ట్యూషన్‌కి పంపొద్దన్న మా అమ్మే మర్నాడు టైమైందని లేపింది. ఇలాంటి ఫోన్లు చెయ్యండి సార్.

ఎదిగిందనో, నల్లబడిందనో, లావైందనో సరదాకి కూడా అనకండి. మీరు అన్నవి ఇంటికొచ్చి అద్దం ముందు గుర్తు చేసుకుంటారు.

---

మంజీర

ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ దండాలు. రెండు నిమిషాల రాత సోమవారం నుంచే మొదలుపెడుతున్నాను. మగపిల్లల సంగతి ఇంకాస్త చెప్పండి. ఒక్కసారి గట్టిగా అంటే ఆ రోజుకి ఊరుకుంటారు, మనసు మారుతుందా?

---

ఉత్తరాంధ్ర ఇంగ్లీషు

మారుతుంది, టైం పడుతుంది. హర్యానాలో 314 ప్రభుత్వ బడుల్లో పెద్ద అధ్యయనం చేశారు, 2022లో అచ్చయింది. అందులో దాదాపు సగం బడుల్లో ఏడో తరగతి నుంచి ఆడ, మగ పిల్లలతో కలిపి రెండున్నరేళ్ళ పాటు క్లాసులోనే చర్చలు పెట్టారు. ఇంటి పని ఎవరు చేయాలి, చెల్లెలి చదువుకి ఎంత ఖర్చుపెట్టాలి లాంటివి. అభిప్రాయాలు మారాయి, మగపిల్లలు ఇంట్లో పని అందుకోవడం కూడా పెరిగింది. ఆడపిల్లలకి మాత్రమే పాఠాలు చెప్పి ఉంటే ఇది జరిగేది కాదని నా నమ్మకం.

చర్చల కంటే ముందు మన బడిలో పనులు ఎలా పంచుతున్నామో చూడండి. బెంచీలు మోయడం, మైకు సెట్టు, కంప్యూటర్ ల్యాబ్ తాళాలు మగపిల్లలకి. ముగ్గులు, ఊడవడం, అతిథులకి బొట్టు పెట్టి హారతివ్వడం ఆడపిల్లలకి. వారానికొకసారి జాబితా తిప్పేస్తే చాలు. మా బడిలో ప్రొజెక్టర్ వైర్లు పెట్టేది ఇద్దరమ్మాయిలు. అది మొరాయిస్తే ఇప్పుడు సార్లు కూడా వాళ్ళనే పిలుస్తున్నారు.

ఊరి సర్పంచ్ మహిళ అయితే బడికి పిలవండి. పశ్చిమ బెంగాల్‌లో మహిళా ప్రధాన్‌లు (మన సర్పంచ్‌ల లాంటివాళ్ళు) ఉన్న ఊళ్ళలో ఆడపిల్లల చదువు ఆశలు పెరిగాయని, మగపిల్లల ఆశలతో ఉన్న తేడా దాదాపు మూడో వంతు తగ్గిందని 2012లో ఒక పరిశోధన చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు మహిళలవే. ఒక్క షరతు: సర్పంచ్ గారి భర్త వచ్చి మాట్లాడతానంటే వద్దనండి. మేము మేడం వీలు చూసుకుని రెండుసార్లు తేదీ మార్చాం. ఆవిడ వచ్చి ప్రసంగమేమీ చెయ్యలేదు, వాటర్ ట్యాంకు బిల్లు కోసం మండలాఫీసులో ఎలా కూర్చున్నారో చెప్పారు. పిల్లలు కదలకుండా విన్నారు.

---

రైతుబిడ్డ

అక్క చెప్పిన కాటా ముచ్చట మా ఇంట్ల అక్కరకొస్తది. ఇంకొక్కటి అడుగుత. పది అయినంక సంగతేంది? "దగ్గర్ల కాలేజీల సీఈసీ చాలు" అంటరు.

---

కస్తూర్బా అక్క

దానికి పదో తరగతి దాకా ఆగొద్దు అన్నా. ఎనిమిదిలోనే కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ కోసం ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయించండి. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్ల ఖాతాలో పడతాయి. ఇంట్లో వాళ్ళ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. తన పేరున డబ్బులొస్తున్న పిల్లని మధ్యలో మాన్పించడం అంత తేలిక కాదు. పిల్లల సైన్సు ఆలోచనలకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకి ఆలోచనలు పంపేటప్పుడు ఆడపిల్లలవి కూడా ఉండేలా చూడండి, ఎంపికైతే 10,000 వస్తాయి.

తర్వాత బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో చదువుతున్న మన ఊరి అమ్మాయి ఎవరైనా ఉంటే సెలవుల్లో వచ్చినప్పుడు తల్లులతో మాట్లాడించండి. మనం హాస్టల్ భద్రమని చెప్తే నమ్మరు. ఆ పిల్ల వాళ్ళమ్మ చెప్తే నమ్ముతారు. పెళ్ళి మాట వినిపిస్తే ఆలస్యం చెయ్యకుండా హెచ్‌ఎంకీ, 1098కీ చెప్పండి. పద్దెనిమిది నిండకుండా చెయ్యకూడదని ఆ ఇంటికి తెలియజెప్పే పని ఒక్క టీచరు మీద వేసుకోకండి.

---

మంజీర

ఆ మూడో బెంచీ అమ్మాయికి ప్రేయర్‌లో వార్తల శీర్షిక ఇద్దామనుకుంటున్నాను. అట్ట కూడా సిద్ధం చేశాను. వద్దంటే ఏం చెయ్యాలి, కాస్త బలవంతపెట్టాలా?

---

రెండో ఏడు డిగ్రీ

బలవంతం వద్దు మేడం. అందరి ముందు అడగకండి, బడి వదిలేటప్పుడు విడిగా అడగండి. నేనూ మొదటిసారి వద్దన్నాను. మా మేడం "సరే" అని ఊరుకుని, శీర్షికలు ఎంచి రాసిచ్చే పని నాకిచ్చారు, చదివేది వేరే అమ్మాయి. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి రాని రోజున "ఇవాళ నువ్వు రాసింది నువ్వే చదువుతావా?" అని అడిగారు.